లోవ గార్డెన్స్ కొండ కింద చమురు ఎన్ని రోజులకి సరిపోతుంది?

(ఇంధన పొదుపు వారోత్సవాల సందర్భంగా విశాఖపట్నంలో చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే రాశాం. చివర్లో సభలో అడిగిన రెండు ప్రశ్నలు, జవాబులు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. పొద్దున్నుంచీ ఎల్ఈడీ బల్బుల గురించి, ఐదు స్టార్ల ఫ్రిజ్‌ల గురించి చాలా విన్నారు. నేను కూడా వాటి దగ్గరికి వస్తాను గానీ, ముందు మన ఊళ్లోనే ఉన్న ఒక చోటు గురించి చెప్పాలి. ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది రోజూ సింధియా, గాంధీగ్రామ్ మీదుగా వెళ్తుంటారు. ఆ పక్కనే, షిప్‌యార్డు ఫ్యాబ్రికేషన్ యార్డు వెనకాల లోవ గార్డెన్స్ ఉంది. అక్కడ కొండ రాతి లోపల 13.3 లక్షల టన్నుల ముడి చమురు పట్టే గుహలు తవ్వారు. వ్యూహాత్మక చమురు నిల్వల కోసం దేశంలో మొదట సిద్ధమైనవి అవే, 2015లో. తర్వాత 2016లో మంగళూరు, 2018లో ఉడుపి దగ్గర పడూరు వచ్చాయి. మూడింటినీ నడిపేది ఇండియన్ స్ట్రాటజిక్ పెట్రోలియం రిజర్వ్స్ లిమిటెడ్ అనే ప్రభుత్వ సంస్థ, 2004లో పెట్టారు. ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకి కూడా ఈ సంగతి పెద్దగా తెలీదు, నాకు బాధగా ఉండేది అదే. అది మన డబ్బుతో, మన కోసం, మన కొండ కింద కట్టింది కదా.

ఆ గుహ ఎలా పనిచేస్తుందో కొంచెం నిదానంగా చెప్తాను, ఎందుకంటే అందులో ఇంజినీర్ల పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. ఒక్కో గుహ ఎత్తు దాదాపు 30 మీటర్లు, అంటే పదంతస్తుల బిల్డింగు, వెడల్పు 20 మీటర్లు. లోపల స్టీలు రేకు లేదు, ట్యాంకు లేదు, ఉత్త రాయి. రాయికి పగుళ్లుంటాయి, మన తూర్పు కనుమల ఖోండలైట్ రాయికి ఇంకా బాగా ఉంటాయి. మరి చమురు ఆ పగుళ్లలోంచి ఎందుకు కారిపోదు? కాపలా కాసేది నీళ్లు. గుహని భూగర్భ జలమట్టానికి బాగా కిందకి తవ్వుతారు, దాని పైన ఇంకో చిన్న సొరంగం వేసి, అక్కణ్ణుంచి రాతిలోకి వరసగా బోర్లు దింపి, వాటిని ఎప్పుడూ నీళ్లతో నింపి ఉంచుతారు. నీటి తెర అంటారు దాన్ని. చుట్టూ రాతిలో ఉన్న నీటి ఒత్తిడి లోపలున్న చమురు ఒత్తిడి కంటే ఎప్పుడూ ఎక్కువ ఉంటుంది, కాబట్టి నీళ్లే పగుళ్లలోంచి లోపలికి ఊరతాయి తప్ప చమురు బయటికి రాలేదు. ఊరిన నీళ్లు బరువుకి అడుక్కి దిగుతాయి, చమురు పైన తేలుతుంది, అడుగున పంపులు పెట్టి ఆ నీళ్లు తోడేసి శుద్ధి చేస్తారు. ఇది రాత్రీ పగలూ నడవాల్సిందే. నింపేశాం కదా అని తాళం వేసి వెళ్లిపోయే వ్యవహారం కాదు. నేల మీద ట్యాంకులు కట్టడం కంటే ఖర్చు తక్కువ, పైగా అగ్ని ప్రమాదం భయం, బాంబు భయం తక్కువ. 1997 సెప్టెంబరు 14న మన రిఫైనరీలో జరిగిన అగ్ని ప్రమాదాన్ని మల్కాపురం వాళ్లు ఇంకా మర్చిపోలేదు. అరవై మంది వరకూ చనిపోయారు ఆ రోజు. అందుకని భూమి లోపల దాచడం అనేది ఈ ఊరికి ఒట్టి టెక్నికల్ విషయం కాదు.

సరే, ఎంత ఉంది, ఎన్నాళ్లకి సరిపోతుంది?

విశాఖలో 13.3 లక్షల టన్నులు, మంగళూరులో 15 లక్షలు, పడూరులో 25 లక్షలు. మొత్తం 53.3 లక్షల టన్నులు, బ్యారెళ్లలో చెప్తే దాదాపు 3.9 కోట్లు. వినడానికి చాలా పెద్దగా ఉంది. కానీ మన దేశం రోజుకి 50 లక్షల బ్యారెళ్లకి పైగానే వాడుతుంది. ప్రభుత్వం పార్లమెంటులో చెప్పిన లెక్క ప్రకారం ఈ మూడూ నిండుగా ఉంటే తొమ్మిదిన్నర రోజులకి వస్తుంది. అది కూడా 2019-20 వాడకం ప్రకారం, ఆ తర్వాత వాడకం పెరిగింది. ఒక్క విశాఖ గుహల వరకే చూస్తే రెండున్నర రోజులు కూడా కాదు.

దీనికి తోడు ఆయిల్ కంపెనీల దగ్గర 64.5 రోజులకి సరిపడా ఉంటుందని, రెండూ కలిపి 74 రోజులని చెప్తారు. ఆ లెక్క తప్పని నేను అనను. కానీ అందులో రిఫైనరీ ట్యాంకుల్లో ఉన్నది, పైపుల్లో పారుతున్నది, డిపోల్లో ఉన్నది అన్నీ కలిసి ఉంటాయి. పైపు లైను పనిచేయాలంటే అది నిండుగా ఉండాలి, ఆఖరి బొట్టు దాకా తోడుకునేది కాదు. పాత రోజుల్లో ఇంట్లో వండుకోవడానికి గాదెలో ఉన్న ధాన్యం వేరు, కరువొస్తే తప్ప మూత తియ్యని పాతరలో ధాన్యం వేరు. ఈ తొమ్మిదిన్నర రోజులే మన పాతర.

ఇతర దేశాల సంగతి చూద్దాం. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపేశాయి, కొన్ని నెలల్లోనే ధర నాలుగింతలైంది. ఆ దెబ్బతో 1974 నవంబరులో అంతర్జాతీయ ఇంధన సంస్థ పుట్టింది. ఎగుమతి కంటే దిగుమతి ఎక్కువున్న సభ్య దేశం ఏదైనా సరే, నికర దిగుమతుల్లో 90 రోజులకి సరిపడా నిల్వ పెట్టుకోవాలని నియమం. అమెరికా 1975లో చట్టం చేసి, టెక్సస్, లూసియానాల్లో భూమి లోపలి ఉప్పు దిబ్బల్లో చేసిన గుహల్లో నింపడం మొదలుపెట్టింది, అక్కడ 70 కోట్ల బ్యారెళ్లకి పైగా పడుతుంది. జపాన్‌కి సొంత చమురు దాదాపు లేదు, అందుకే 200 రోజులకి పైగా దాచుకుంటుంది. మనం ఆ సంస్థలో పూర్తి సభ్యులం కాదు, 2017 నుంచి అనుబంధ సభ్యులం, కాబట్టి ఆ 90 రోజుల నియమం మనని కట్టి పడేయదు. నియమం లేకపోతే లేదు, అవసరం మాత్రం ఉంది కదా! మనం వాడే ముడి చమురులో వందకి 87, 88 వంతులు బయటి నుంచే వస్తోంది.

1973లో మన దగ్గర ఏం జరిగిందో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. పెట్రోలు ధర పెంచారని వాజ్‌పేయి గారు ఎద్దుల బండి మీద పార్లమెంటుకి వెళ్లారు, ఇందిరా గాంధీ పొదుపు చూపించడానికి గుర్రపు బండి ఎక్కారు. ఫోటోలు బాగా వచ్చాయి, నిల్వ మాత్రం రాలేదు. ఆ తర్వాత 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్ మీద పడింది. ఆ దెబ్బ తెలుగు ఇళ్లకి నేరుగా తగిలింది. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లినవాళ్లు కట్టుబట్టలతో తిరిగొచ్చారు, అప్పుడు విమానాల్లో తెచ్చిన భారతీయులు లక్షా డెబ్భై వేల మంది. ఒక పక్క చమురు ధర పెరిగింది, ఇంకో పక్క గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు ఆగింది. 1991 నాటికి విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకి కూడా చాలని స్థితి, టన్నుల కొద్దీ బంగారం విదేశాల్లో తాకట్టు పెట్టాల్సొచ్చింది. ఆ సంక్షోభానికి చమురు ఒక్కటే కారణం అనడం తప్పు, అప్పులు ముందే ఉన్నాయి. కానీ మీద పడిన ఆఖరి బరువు చమురుదే. అంత జరిగాక కూడా మొదటి గుహ సిద్ధమవడానికి 2015 దాకా పట్టింది.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న విషయానికి వస్తాను. దయచేసి ఈ లెక్క కాస్త శ్రద్ధగా వినండి.

తొమ్మిదిన్నర రోజులు అనగానే జనం అనుకునేది, చమురు పూర్తిగా ఆగిపోతే తొమ్మిదిన్నర రోజులు బతుకుతాం అని. మామూలుగా అలా జరగదు. గల్ఫ్ చమురు ఓడలొచ్చే హోర్ముజ్ జలసంధి దగ్గర గొడవైనా, ఎక్కడో యుద్ధమైనా, సరఫరాలో కొంత భాగం తగ్గుతుంది. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ పన్నెండు రోజులు కొట్టుకున్నప్పుడు మనమంతా టెన్షన్ పడింది కూడా అందుకే, ప్రపంచం వాడే చమురులో ఐదో వంతు ఆ సన్నటి దారిలోంచే పోతుంది. మనకి రోజూ వచ్చేదాంట్లో ఐదో వంతు ఆగిపోయిందనుకుందాం. ఆ లోటు మాత్రమే గుహల్లోంచి పూడ్చాలి, అప్పుడు ఆ తొమ్మిదిన్నర రోజుల సరుకు 47 రోజులొస్తుంది. అదే సమయంలో దేశమంతా వాడకం పది శాతం తగ్గించుకుందనుకోండి. లోటు సగానికి పడింది. అదే సరుకు 95 రోజులొస్తుంది! కొత్తగా ఒక్క కొండ తవ్వలేదు, ఒక్క బ్యారెల్ కొనలేదు, పది శాతం పొదుపుతో గుహలు రెండింతలైనట్టే. మామూలు రోజుల్లో పది శాతం పొదుపంటే పది శాతమే, ఆపద రోజుల్లో దాని విలువ ఎన్నో రెట్లు. నిల్వ, పొదుపు రెండూ ఒకే లెక్కలో పెట్టి చూడాలని నేను అడిగేది ఇందుకే.

మన దగ్గర అలా చూడరు. పొదుపు ప్రచారం చేసే పీసీఆర్ఏని 1978లో పెట్టారు, పెట్రోలియం శాఖ కిందే ఉంది. స్టార్ లేబుళ్లు ఇచ్చే బీఈఈ 2001 ఇంధన పొదుపు చట్టం కింద వచ్చింది, అది విద్యుత్ శాఖ కింద ఉంది. గుహల సంస్థ వేరు. ఎవరి పని వాళ్లు బాగానే చేస్తున్నారు, కాదనను. కానీ రేపు ఆపదొస్తే గుహలు తెరిచిన రోజునే పది శాతం ఎలా తగ్గించాలి, ఎక్కడ తగ్గించాలి, డీజిల్ ముందు ఎవరికివ్వాలి అనేది జనానికి ముందే చెప్పిన పథకం ఏది? అంబులెన్సుకి ముందా, ఆర్టీసీకా, కోతల టైములో ఉన్న హార్వెస్టర్‌కా? మన ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్లు ఉన్నాయి, డీజిల్ లేకపోతే అవి కదలవు, వాళ్ల వంతు ఎన్నోది? పెట్రోలు, డీజిల్ నిత్యావసర వస్తువుల చట్టం కిందకి వస్తాయి, అంటే ప్రభుత్వానికి నియంత్రించే అధికారం ఉంది. అధికారం ఉండడం వేరు, వరస ముందే రాసి జనం ముందు పెట్టడం వేరు. అంతర్జాతీయ ఇంధన సంస్థ తన సభ్య దేశాలని నిల్వ ఒక్కటే అడగదు, అవసరమైతే వాడకాన్ని పది శాతం దాకా తగ్గించే ఏర్పాటు కూడా సిద్ధంగా ఉంచుకోమంటుంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలవగానే అది పది సూచనలిచ్చింది. హైవేల మీద వేగం గంటకి పది కిలోమీటర్లు తగ్గించండి, వీలైనవాళ్లు వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని చెయ్యండి, పెద్ద నగరాల్లో ఆదివారాలు కార్లు ఆపండి, ఇలాంటివే. ధనిక దేశాలన్నీ చేస్తే నాలుగు నెలల్లో రోజుకి 27 లక్షల బ్యారెళ్లు తగ్గుతాయని లెక్క కట్టింది. మనకి పనికొచ్చే పది సూచనలు వేరేగా ఉండొచ్చు, ఎవరైనా కూర్చుని రాయాలి కదా.

హుద్‌హుద్ తుపాను గుర్తుంది కదా, 2014 అక్టోబరు 12. అప్పటికి గుహలు ఇంకా మొదలవలేదు. మొదలైనా అప్పుడు పనికొచ్చేవి కావు, ఎందుకో చెప్తాను. బంకుల ముందు కిలోమీటర్ల కొద్దీ లైన్లు, కొన్ని బంకుల్లో భూమిలో పెట్రోలుంది గానీ కరెంటు లేక పంపు తిరగలేదు, రిఫైనరీ కూడా కొన్నాళ్లు ఆగింది. లోవ గార్డెన్స్‌లో ఉండేది ముడి చమురు, దాన్ని బండిలో పోసుకోలేం. అది రిఫైనరీకి వెళ్లాలి, పెట్రోలూ డీజిలూ అవ్వాలి, లారీ ఎక్కాలి, బంకు దగ్గర జనరేటరు ఉండాలి. ఈ గొలుసులో ఏ కొక్కెం ఊడినా గుహ నిండుగా ఉండీ మనకి చుక్క రాదు. తుపాన్ల తీరంలో ఉన్న ఊళ్లో బంకులకి కరెంటు లేకుండా నడిచే ఏర్పాటు ఉందా లేదా అనేది కూడా చమురు భద్రతే.

ఎల్ఈడీ బల్బుల సంగతి. ఉజాలా పథకంలో 36 కోట్లకి పైగా బల్బులు పంచారు, ప్రభుత్వం టోకున కొనే ధర 300 రూపాయల పైనుంచి 40 లోపుకి దిగింది. మన విశాఖలో హుద్‌హుద్ తర్వాత 90 వేలకి పైగా వీధి దీపాలు ఎల్ఈడీకి మార్చారు. గొప్ప పని. కానీ ఒక మాట సూటిగా చెప్పాలి. మన దేశంలో చమురుతో కరెంటు తయారయ్యేది దాదాపు లేదు, ఎక్కువ భాగం బొగ్గు. బల్బు మారిస్తే మిగిలేది బొగ్గు, దాని లాభం దానికుంది. చమురు దిగుమతి తగ్గాలంటే మాత్రం చూడాల్సింది డీజిల్, పెట్రోల్, వంట గ్యాస్. పొదుపు వారోత్సవాల్లో ఈ రెండూ కలిపేసి మాట్లాడుతుంటారు, దాంతో బల్బు మార్చేశాం, మన వంతు అయిపోయింది అనుకుంటారు జనం.

పెట్రోలియం ఉత్పత్తుల వాడకంలో అన్నింటికంటే పెద్ద వాటా డీజిల్‌ది, ఐదింట రెండు వంతులకి దగ్గర. డీజిల్ పొదుపు ఎలా ఉంటుందో చూడాలంటే ఆర్టీసీ డిపోకి వెళ్లండి. డ్రైవర్లు కేఎంపీఎల్ అంటారు, లీటరుకి ఎన్ని కిలోమీటర్లు వచ్చాయని. బస్సు డ్యూటీ దిగగానే ఎంత తిరిగింది, ఎంత పోశారు లెక్క కడతారు, ఎవరికి ఎంత వచ్చిందో డిపోలో అందరికీ తెలుస్తుంది, ఎక్కువ తెచ్చినవాళ్లకి మెచ్చుకోలు. మామూలు బస్సుకి ఐదు పైచిలుకు వస్తుంది. అందులో పాయింటు రెండు, పాయింటు మూడు పెంచడానికి ఆ డ్రైవరు పడే తపన చూడాలి. ఎక్కడ గేరు మార్చాలి, స్టాపు ఎంత దూరంలో ఉండగా యాక్సిలరేటర్ మీద కాలు తియ్యాలి, ఎక్కడ ఇంజను ఆపెయ్యాలి. మెకానిక్కులు టైర్లలో గాలి, బ్రేకుల పట్టు చూస్తారు. వేల బస్సుల మీద ఆ పాయింటు రెండే కలిసి లక్షల లీటర్లవుతుంది. మన ఆర్టీసీకి ఇంధన పొదుపు అవార్డులు ఊరికే రాలేదు. అలాంటి ఆర్టీసీ 2022లో బల్క్ డీజిల్, అంటే టోకున కొనే డీజిల్ ధర బంకు ధర కంటే బాగా పెరిగితే, బస్సుల్ని తీసుకెళ్లి బయట బంకుల ముందు నిలబెట్టుకోవాల్సి వచ్చింది. నలభై యాభై మందిని ఒకే ఇంజను మీద మోసే బండికి డీజిల్ ఎక్కువ ధరకి, ఒక్కడు కూర్చునే కారుకి తక్కువ ధరకి! ఇలాంటి నిర్ణయం ఒకటి తీసుకుంటే పది పొదుపు ర్యాలీల ఫలితం పోతుంది. నాకు దీని మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు.

మంచి జరిగిన చోట మంచే చెప్పాలి. బ్రాడ్‌గేజ్ రైలు మార్గాలు దాదాపు 99 శాతం కరెంటు కిందకి వచ్చేశాయి, డీజిల్ విషయంలో దీన్ని మించిన పొదుపు కార్యక్రమం నాకు కనబడదు. కార్ల కంపెనీలకి సగటు ఇంధన వాడకం మీద నిబంధనలు 2017 నుంచి ఉన్నాయి. లారీల సంగతే అలాగే వెనకబడి ఉంది, డీజిల్ ఎక్కువ తాగేది అవే.

ఇక నిల్వ నింపడం, తియ్యడం. 2020 ఏప్రిల్, మే నెలల్లో కరోనాతో చమురు ధర పడిపోయినప్పుడు మన వాళ్లు బ్యారెల్ సగటున 19 డాలర్లకి కొని గుహలు నింపారు. జనవరిలో అదే 60. దాదాపు 5,000 కోట్ల రూపాయలు మిగిలాయి. చాలా తెలివైన పని, మూడు గుహల నిర్మాణానికైన ఖర్చు కంటే ఎక్కువ ఆ ఒక్క కొనుగోలులో మిగిలింది. ఆ తర్వాత 2021 నవంబరులో ధరలు పెరుగుతున్నాయని అమెరికాతో, ఇంకొన్ని దేశాలతో కలిసి 50 లక్షల బ్యారెళ్లు విడుదల చేస్తామన్నారు. 50 లక్షలంటే మన ఒక్క రోజు వాడకం. దాంతో ధర తగ్గుతుందా? తగ్గదు. ధర పెరగడం వేరు, సరుకు రాకపోవడం వేరు, పాతర ఉన్నది రెండోదాని కోసం. అమెరికా 2022లో ఏకంగా 18 కోట్ల బ్యారెళ్లు తీసింది, ఆ తర్వాత వాళ్ల నిల్వ నలభై ఏళ్ల కనిష్ఠానికి పడింది, మళ్లీ నింపుకోవడానికి తంటాలు పడ్డారు. మన దగ్గర 2023-24 బడ్జెట్‌లో గుహలు నింపడానికి 5,000 కోట్లు పెట్టారు, తర్వాత వాయిదా వేశారు. రెండో దశలో ఒడిశాలోని చండిఖోల్‌లో 40 లక్షల టన్నులు, పడూరులో ఇంకో 25 లక్షల టన్నులకి 2021లో ఆమోదం ఇచ్చారు. ఇన్నేళ్లయినా ఒక్క బ్యారెల్ పట్టే చోటు అదనంగా రాలేదు.

మనకి కావాల్సింది ఒక చట్టం. ఎన్ని రోజుల నిల్వ ఉండాలి, ఎప్పుడు నింపాలి, ఏ పరిస్థితిలో తియ్యాలి, ఎవరు నిర్ణయించాలి, తీసినప్పుడు వాడకం ఎలా తగ్గించాలి, ఇవన్నీ ఒకే చట్టంలో ఉండాలి. అమెరికా వాళ్లు 1975లో చేసిన చట్టానికి పేరే ఇంధన విధానం, పొదుపు చట్టం. నిల్వా అందులోనే, కార్ల మైలేజీ నిబంధనలూ అందులోనే. అమెరికాలో ప్రతి వారం నిల్వ ఎంతుందో ప్రకటిస్తారు, ఎవరైనా చూసుకోవచ్చు. మన లోవ గార్డెన్స్ గుహలో ఈ నెల ఎంత ఉందో మన ఎంపీ గారిని అడగండి, ఆయన పార్లమెంటులో అడగాలి. రహస్యం అనుకోవడానికేం లేదు, ఎంత పడుతుందో ప్రభుత్వమే చెప్పింది కదా.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: ఎలక్ట్రిక్ బళ్లు వచ్చేస్తున్నాయి కదండీ, ఇంకా ఈ గుహల మీద వేల కోట్లు ఎందుకు?)

మంచి ప్రశ్న బాబూ. స్కూటర్లు, ఆటోలు, సిటీ బస్సులు కరెంటుకి మారుతున్నాయి, ఇంకా వేగంగా మారాలి. కానీ ఇచ్ఛాపురం నుంచి తడ దాకా హైవే మీద నిలబడి చూడు, సరుకు లారీ, ట్రాక్టరు, హార్వెస్టరు, సముద్రంలో బోటు, పైన విమానం, ఇవి మారడానికి చాలా కాలం పడుతుంది. అప్పటి దాకా మనని కాపాడాల్సింది ఈ గుహలే. పైగా వాడకం తగ్గేకొద్దీ ఉన్న గుహే ఎక్కువ రోజులకి వస్తుంది, కాబట్టి ఈవీలు గుహలకి పోటీ కాదు. కొత్తవి ఎన్ని తవ్వాలన్నది మాత్రం ఈవీల లెక్క పక్కన పెట్టుకునే తేల్చాలి, అందులో నువ్వన్నది నిజం.

(సభలోంచి: వంట గ్యాస్‌కి కూడా ఇలా దాచిపెట్టింది ఉందా అండీ?)

ఉందమ్మా, అదీ మన ఊళ్లోనే. లోవ గార్డెన్స్‌లోనే 60 వేల టన్నులు పట్టే గ్యాస్ గుహ ఉంది, దాదాపు రెండు వందల మీటర్ల లోతున, 2007-08 నుంచి పనిచేస్తోంది. కానీ దేశం ఏడాదికి 3 కోట్ల టన్నులకి పైగా గ్యాస్ వాడుతుంది, రోజుకి 85 వేల టన్నులు. అంటే మన గుహ నిండుగా ఉన్నా దేశానికి ఒక పూట వంట దాటి రాత్రి వంటకి సగం కూడా రాదు. 2025లో మంగళూరులో 80 వేల టన్నుల గుహ సిద్ధమైంది, రెండూ కలిపినా రెండు రోజులు లేదు. మనం వాడే గ్యాస్‌లో సగానికి పైగా దిగుమతే, అందులో ఎక్కువ భాగం ఆ హోర్ముజ్ దారిలోనే వస్తుంది. ముడి చమురుకైతే తొమ్మిదిన్నర రోజులని ఒక అంకె ఉంది, 33 కోట్ల పొయ్యిలకి అలాంటి వ్యూహాత్మక నిల్వ అంటూ విడిగా లేదు. పైగా గతంలో ఉజ్వల రాకముందు కట్టెల పొయ్యి ఉండేది, కిరోసిన్ స్టవ్ ఉండేది. ఇప్పుడు రేషన్ షాపులో కిరోసిన్ లేదు, కొత్తగా కట్టుకున్న ఇళ్లలో పొయ్యి పెట్టే చోటే లేదు. అందుకని నన్నడిగితే, రెండో దశలో తవ్వే గుహల్లో గ్యాస్‌కి కొంత వాటా ముందే కేటాయించాలి, ఈలోపు ఇంటింటికీ ఒక ఇండక్షన్ స్టవ్ అందేలా ఉజాలా బల్బుల్లాగే టోకున కొని ధర దించాలి. మీరు కూడా వీలైతే ఒకటి కొని పెట్టుకోండమ్మా, కుక్కరు దాని మీద కూడా బానే పనిచేస్తుంది.